మునెమ్మ తెచ్చిన మాయ

1984లో నేను తిరుపతిలో ఒక పరిశోధన ల్యాబులో టెక్నీషియన్ని. క్యాన్సర్ కణాలు పక్క కండలోకి ఎంత జోరుగా చొరబడతాయో కొలవడం మా పని. దాన్ని ఇన్వేజన్ అస్సే అంటారు. అందుకు కాన్పయ్యాక పడే మాయ కావాలి. అందులో అమ్నియాన్ అనే పల్చటి పొరను ఒలిచి, కడిగి, డోలు తోలులా రింగుకు బిగిస్తాం. పైన కణాలు వేసి ఇంక్యుబేటర్లో వెచ్చగా ఉంచుతాం. తర్వాత పొర దాటి ఎన్ని కణాలు అడుగుకు దిగాయో మైక్రోస్కోపులో చూస్తాం.

చెప్పడానికి ఇంతే. మాయ దొరకడమే గగనం! మా వైపు దాన్ని పూడ్చిపెట్టాలి. కుక్క ముట్టిందంటే బిడ్డకు చేటంటారు. కాన్పుల వార్డు బయట నేను బకెట్ పట్టుకుని నిలబడితే, ముసలమ్మలు పిల్లల్ని ఎత్తుకుపోయేవాణ్ని చూసినట్టు చూసేవాళ్లు.

వడమాలపేట మునెమ్మ మాత్రం తానే తెచ్చిచ్చింది. ఆమె కూతురు సుగుణకు నిండు నెలల్లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆడపిల్ల పుట్టింది. సుగుణ గడ్డలోంచి తీసిన కణాలు అప్పటికే మా ల్యాబు సీసాలో పెరుగుతున్నాయి.

"ఈ మాయతోనే నా బిడ్డ రోగం కొలుసు నాయనా."

"ఇది కొలతేనమ్మా, మందు కాదు," అన్నాను.

"కొలిస్తేనే గదప్పా మందెంత ఎయ్యాల్నో తెలిసేది!"

సుగుణను చూసే డాక్టరుగారు అప్పటికే పెదవి విరిచేశారు. ఆ మాటా చెప్పాను. వింటేనా! రోజూ వచ్చి ల్యాబు గుమ్మం దగ్గర కూర్చునేది.

రింగు విప్పిన రోజు అడుగున కణాలు గుంపులు గుంపులుగా కనిపించాయి.

"ఏమప్పా, రోగం పొర దాటిండాదా?"

"దాటిందమ్మా."

ఆమె ఏడవలేదు. "మిగిలిన మాయ ఇచ్చెయ్ నాయనా, పూడ్సిపెట్టల్ల. పాపన్నా బాగుండల్ల గదా," అంది.

ఫ్రిజ్‌లో మిగిలినదాన్ని గుడ్డలో పెట్టాను. ఆనవాయితీకి లోటెందుకని, కుళ్లకుండా ఫార్మలిన్‌లో వేసిన, రింగుకు బిగించిన పొర ముక్కనూ కడిగి అందులో కలపబోయాను. మునెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"రోగం దాటింది దీన్నేనా?"

"అవునమ్మా."

"ఇది మాకొద్దప్పా. మా పాప దగ్గరికి ఇది రాగూడదు."

పాపకు పేరు పెట్టకముందే సుగుణ పోయింది. ఆ ముక్కను పారేయడానికి నాకు చేతులు రాలేదు. నేను రిటైరయ్యేదాకా సీసాలో అట్లాగే ఉంది. రోగాన్ని కొలవడం నాకు బాగానే వచ్చింది. కూతురు బతుకుతుందా అని అడిగే తల్లికి కొలత చెప్పి ఊరుకోవడం మాత్రం, ఎన్నేళ్లు చేసినా చేతకాలేదు.