కెప్టెనుగారి నది

ఆ వీధిలో ఆయన్ని కెప్టెనుగారనేవాళ్ళు. ఆయన ఏనాడూ కెప్టెను కాదు. మిలటరీలో ఏ హోదాతో చేరాడో అదే హోదాతో దిగి వచ్చాడు. ఆ తరవాత రిటైరయ్యేదాకా బస్సుల షెడ్డులో టైర్లు విప్పుతూ బిగిస్తూ గడిపాడు. కానీ గుబురు మీసం ఉంది, కుంటికాలు ఉంది, అన్నిటికీ మించి ఒక కథ ఉంది. ఈ మూడూ ఉన్న మనిషిని వీధి ఊరికే వదులుతుందా? కెప్టెన్ని చేసి కూర్చోబెట్టింది. దాంతో ఆయన భార్య కూడా కెప్టెనమ్మ అయిపోయింది.

కెప్టెనమ్మ టైలరు దుకాణాలకి కాజాలు కుట్టేది. డెబ్బై దాటినా కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, కిటికీ పక్కన స్టూలేసుకుని, చేత్తోనే కుట్టేది. మిషను కాజా ఎవరైనా చూపిస్తే మూతి తిప్పేది. మొగుడు వాకిట్లో ఎవరికైనా తన కథ మొదలుపెట్టాడంటే లోపల ఈవిడ సూది ఆగిపోయేది. యాభై ఏళ్ళుగా వింటున్న కథే. అయినా ఆగేది. ఎందుకంటే ఆ కథలో ఆయన వీపు మీద ఉన్నది ఈవిడ సొంత అన్నయ్య.

కథేమిటంటే, యుద్ధంలో తూటా దెబ్బ తిన్న స్నేహితుణ్ణి కెప్టెనుగారు వీపున వేసుకుని, చీకట్లో, మెడలోతు నీళ్ళలో నది దాటాడు. అవతలి ఒడ్డు ఎక్కబోతుంటే తన కాలికీ ఒక తూటా దిగింది. అయినా స్నేహితుణ్ణి వదల్లేదు. తెల్లవారుతుండగా ఆ స్నేహితుడు ఈయన ఒళ్ళో తలపెట్టుకుని, "బుంగని ఏడవొద్దని చెప్పరా" అని కన్ను మూశాడు.

బుంగ అంటే కెప్టెనమ్మే. చిన్నప్పుడు అయినదానికీ కానిదానికీ బుంగమూతి పెట్టుకుని కూర్చునేదట. అన్నయ్య ఆ మూతిని పట్టుకుని పేరు పెట్టేశాడు. అన్నయ్య ఒక్కడే అలా పిలిచేవాడు, ఇంటి గడప దాటి ఆ పేరు ఎవరికీ తెలీదు. అలాంటిది, యుద్ధం ముగిశాక ముక్కూ మొహం తెలియని కుర్రాడొకడు కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చి ఆ పేరు పలికాడు. ఇక ఇంట్లో ఎవరికి అనుమానం వస్తుంది? అందరూ ఆ మాట పట్టుకుని నమ్మేశారు.

అప్పటికి ఈవిడకి ఒక బడిపంతులుతో సంబంధం మాట్లాడి పెట్టారు. నెమ్మదస్తుడు, నవ్వు మొహం, ఈవిడకీ నచ్చినవాడు. అయినా తండ్రి దగ్గరికి వెళ్ళి, "అన్నయ్యని మోసినవాణ్ణే చేసుకుంటాను నాన్నా" అంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. తనంతట తనే అంది. ఆ పంతులు తరవాత ఏమయ్యాడో వాకబు కూడా చెయ్యలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఏడవొద్దన్నాడు కదా అన్నయ్య, అంతే, ఆవిడ ఏడవలేదు. తల్లి పోయినప్పుడు ఏడవలేదు. పుట్టి నెల తిరక్కుండానే మొదటి బిడ్డ పోతే అప్పుడూ ఏడవలేదు. "అది గుండె కాదు, బండ" అని ఆడపడుచులు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ అనుకుంది. వాళ్ళకేం తెలుసు? గొంతు దాకా వచ్చినదాన్ని పళ్ళ బిగువున దిగమింగి అన్నయ్య మాట నిలబెడుతూ వచ్చింది, పిచ్చిది.

ఇలా ఉండగా మాజీ సైనికుల సంఘంవాళ్ళు ముసలి సిపాయిలకి టౌనుహాల్లో సన్మానం తలపెట్టారు. మందుల కొట్టాయన కెప్టెనుగారి కథ తీసుకెళ్ళి వాళ్ళ చెవిన వేశాడు. వాళ్ళు మహా సంబరపడ్డారు. కాకపోతే ఈమధ్య దొంగ వీరులు ఎక్కువైపోయారట, ముందు నిజానిజాలు కనుక్కోవాలని ఒక మనిషిని పంపించారు. మిలటరీలోనే గుమాస్తాగా చేసి రిటైరయినవాడు. నెమ్మదైన గొంతు. అవతలివాళ్ళు చెప్పేది పూర్తిగా వినే రకం.

మొదటిసారి వచ్చినప్పుడు కెప్టెనుగారు తడుముకోకుండా కథంతా ఒప్పజెప్పాడు.

"ఆ నది పేరేమిటండీ?" అని అడిగాడు గుమాస్తా.

"ప్రాణం మీదికొస్తే పేరు ఎవడడుగుతాడండీ బాబూ!" అని కెప్టెనుగారు పకపకా నవ్వాడు.

"పోనీ, ఎటు నుంచి ఎటు పారుతుంది?"

కెప్టెనుగారు మీసం సవరించుకున్నాడు. "ఇప్పుడివన్నీ ఎందుకులెండి. నాకు సన్మానాలూ వద్దు, గిన్మానాలూ వద్దు" అన్నాడు.

కెప్టెనమ్మకి ఒళ్ళు మండింది. చేతిలో చొక్కా పక్కన పడేసి వాకిట్లోకి వచ్చింది. "ఆయన మాటలు పట్టించుకోకండి బాబూ. మొదట్నుంచీ అంతే, అనవసరమైన చోట మొహమాటం. మీరు కనుక్కోండి. ఎవరెవరు మిగిలున్నారో అందర్నీ అడగండి. ఆ హాల్లో నలుగురి ముందూ మా అన్నయ్య పేరు వినబడాలి నాకు" అంది. తన గొయ్యి తవ్వమని గునపం తెచ్చి తనే చేతికిచ్చింది.

సన్మానం వారంలోకి వచ్చింది. కూతురు తండ్రికి కొత్త చొక్కా కుట్టించింది, కాజాలు తల్లే కుట్టింది. ఒకరోజు పొద్దున్నే కెప్టెనుగారు క్షవరానికి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే గుమాస్తా ఇటు వచ్చాడు.

"రండి బాబూ, కూర్చోండి. ఇప్పుడే బయటికెళ్ళారు."

"చూశానమ్మా. వెళ్ళాకే వచ్చాను." కూర్చుని కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. "అమ్మా, వాళ్ళు యుద్ధం చేసిన చోట నది లేదు."

"అయితే ఏరై ఉంటుంది. గోరంతలు కొండంతలు చెయ్యడం ఆయనకి అలవాటేగా."

"ఏరూ లేదమ్మా. పంటకాలవ కూడా లేదు. అంతా రాళ్ళగుట్టలే."

కెప్టెనమ్మకి నవ్వొచ్చింది. నిజంగానే నవ్వింది. "హవ్వ! ఇన్నేళ్ళ నుంచీ లేని నదిలో ఈదుతున్నాడన్నమాట మహానుభావుడు. సరేలెండి, నది లేకపోతే పోయింది. మోసుకొచ్చాడుగా?"

గుమాస్తా నవ్వలేదు. "మీ అన్నయ్యగారి పక్క మంచం మీద ఉన్నాయన బతికే ఉన్నారమ్మా. మొన్న వెళ్ళి కలిసొచ్చాను."

"మంచమేంటి?"

"ఆస్పత్రి మంచం."

ఆయన నెమ్మదిగా చెప్పాడు. అన్నయ్య గుట్టల్లో చనిపోలేదు. దెబ్బలు తిన్న మిగతావాళ్ళతో పాటు లారీలో వేసి వెనకున్న ఊళ్ళో ఆస్పత్రికి తెచ్చారు. అక్కడ వారం పైనే బతికాడు. రెండు కళ్ళకీ కట్టు. ఎవరి అడుగుల చప్పుడు వినబడినా తల అటు తిప్పి, "ఎవరూ? నా కోసమేనా?" అని అడిగేవాడట. కాదని చెప్పలేక నర్సులు చప్పుడు కాకుండా నడవడం నేర్చుకున్నారట. చివర్లో అడగడం కూడా మానేశాడట.

"మరి... బుంగని ఏడవొద్దని..."

"అలాంటి మాటేదీ అనలేదటమ్మా. ఎవరితోనూ ఏమీ అనకుండానే పోయారట."

"మరి ఆ పేరు ఈయనకెలా తెలుసు?"

"కొత్తగా మిలటరీలో చేరినప్పుడు బారక్సులో ఇద్దరూ పక్కపక్క మంచాలవాళ్ళే. ఇంటి కబుర్లు చెప్పుకుని ఉంటారు. తరవాత మీ అన్నయ్యగారిని ముందుకి పంపారు. మీవారిని వెనక ఉంచేశారు, మిలటరీ లారీల టైర్ల షెడ్డులో. కాలు కూడా అక్కడ పోయిందే, తూటా కాదు. జాకీ జారి లారీ పడింది."

కెప్టెనమ్మ ఒళ్ళోని గుడ్డని మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

"వివరాలు దొరకలేదని రాసేస్తానమ్మా" అన్నాడు గుమాస్తా. "సన్మానం మాట చప్పబడిపోతుంది. వీధిలో మీ పరువుకేం కాదు. ఆలోచించుకుని ఒక్క ఫోను చెయ్యండి, మీరెలా అంటే అలా."

ఆయన గుమ్మం దాకా వెళ్ళాక అడిగింది. "ఆ టైర్ల షెడ్డు ఏ ఊళ్ళో బాబూ?"

గుమాస్తా వెనక్కి తిరిగాడు కానీ ఆవిడ మొహం చూడలేదు. "అదే ఊళ్ళోనమ్మా" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఒంటరిగా కూర్చున్న ఆ కాసేపట్లో ఆవిడకి దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఎలాంటి కోపమనుకున్నారు! ఎవరి మాట నిలబెట్టింది తను ఇన్నేళ్ళూ? కన్నబిడ్డని పూడ్చిపెట్టి వచ్చి కూడా కళ్ళు తుడుచుకోకుండా కూర్చున్నది ఎవడి మాట కోసం? టైర్ల షెడ్డులో కూర్చుని అల్లిన మాట కోసమా? ఒక మనిషి తన నోటికొచ్చింది అన్నాడు, ఆ పూట ఇంకో మాట నోటికొచ్చి ఉంటే తన బతుకు ఇంకోలా ఉండేది.

కెప్టెనుగారు నున్నగా గడ్డం చేయించుకుని, మీసం కత్తిరింపించుకుని వచ్చాడు. వస్తూనే కొత్త చొక్కా తొడిగి అద్దం ముందు నిలబడ్డాడు. సన్మానం వద్దన్న పెద్దమనిషి!

"నది ఎక్కడిదండీ?" అంది వెనక నుంచి.

అద్దంలోనే ఆవిడ మొహం చూశాడు. చూసి, మంచం మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళ కాపురం, ఇంకేం విప్పి చెప్పాలి?

"మీ అమ్మ అడిగిందే" అన్నాడు. "నా రెండు చేతులూ పట్టుకుని, చివర్లో దగ్గరున్నావా బాబూ అని అడిగింది. ఆ మొహం చూసి లేనని ఎలా చెప్పను? ఉన్నానమ్మా అన్నా. అక్కడితో ఆపేద్దామనుకున్నా. ఏమన్నాడు అంది. ఏదో ఒకటి చెప్పాలిగా!"

"మోయడం?"

"అది మీ నాన్న అడిగితే."

"నది?"

"అమ్మాయి పుట్టాక" అన్నాడు తలొంచుకుని. "కథ చెప్పమని మారాం చేసేది."

చిత్రంగా ఆవిడ కోపం కాస్త దిగింది. తల్లి గుర్తొచ్చింది. మంచం పట్టిన తల్లి, ఈ మాట విన్నాకే మళ్ళీ అన్నం ముట్టింది. కొడుకు దిక్కులేకుండా పోలేదని ధైర్యం చెప్పుకుని ఇంకో పదేళ్ళు బతికింది. ఆ ముసలి ప్రాణానికి చెప్పిన ఓదార్పు అనుకుని, పోనీ, మిగతాదంతా మింగేద్దామా అనుకుంది. మింగడం ఆవిడకి కొత్త కాదు. ఒక్క సంగతి మాత్రం గొంతులో అడ్డం పడి ఉంది.

"మీ షెడ్డు ఆ ఊళ్ళోనేనట."

ఆయన కుంటికాలు సవరించుకున్నాడు.

"అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నాడని మీకు తెలుసా?"

"...తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"తెచ్చిన మర్నాడే. ఆ లారీకి టైరు నేనే మార్చా. డ్రైవరు చెప్పాడు."

"కాలు అప్పటికే పోయిందా?"

"లేదు. తరవాత పోయింది."

"వెళ్ళారా చూడ్డానికి?"

కెప్టెనుగారు కొత్త చొక్కా అంచు పట్టుకుని నలుపుతున్నాడు. "రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకున్నానే. వాడు ముందుకెళ్ళాడు, దెబ్బలు తిన్నాడు. నేనేమో వెనక సుఖంగా కూర్చుని టైర్లు ఎక్కిస్తున్నా. ఏ మొహం పెట్టుకుని వెళ్ళి వాడి ముందు నిలబడను? భయమేసింది. అంతే."

"కళ్ళకి కట్టున్నవాడికి మొహం చూపించడానికి భయమేంటండీ?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు.

"ఎంత దూరం?"

"ఏంటి?"

"ఆస్పత్రి. మీ షెడ్డు నుంచి ఎంత దూరం?"

ఏ ప్రశ్నకైనా పిట్టకథలల్లే మనిషి, అంతమందికి అన్ని అబద్ధాలు చెప్పిన మనిషి, ఈ ఒక్కదానికి మాత్రం అబద్ధం చెప్పలేకపోయాడు. చెప్పి ఉంటే బాగుండేదేమో.

"ఎదురుగానే" అన్నాడు. "రోడ్డు దాటితే."

కెప్టెనమ్మ లేచి వెళ్ళి ఫోను తీసుకుంది. ఆయన కంగారుగా కుంటుకుంటూ వెనకే వచ్చాడు. "ఎవరికే? వద్దే. ఇవాళో రేపో పోయేవాణ్ణి. వీధిలో తలెత్తుకోనివ్వవా? పిల్ల మొహం చూడొద్దా నేను?" అని బతిమాలాడు. ఆవిడ ఆయన వైపు తిరగనైనా లేదు.

"చెప్పండమ్మా" అంది ఫోనులో గుమాస్తా గొంతు. "వివరాలు దొరకలేదనే రాయమంటారా?"

"దొరికాయిగా బాబూ. ఎందుకు దొరకలేదూ? దొరికినవన్నీ రాయండి. ఆ రోడ్డు సంగతి కూడా రాయండి."

"ఏ రోడ్డమ్మా? నాకు తెలీదే."

"మీకెలా తెలుస్తుంది? దాటినవాళ్ళు లేరుగా." ఆవిడ ఫోను తీసి మొగుడి చేతిలో పెట్టింది. "మీరే చెప్పండి. కథ చెప్పడం మీకేమన్నా కొత్తా?"