నాగజెముడు కుండీ

మా చిన్నత్త రోజూ పొద్దున డ్యూటీకి వెళ్లే ముందు నాగజెముడు కుండీని ఎండవైపు తిప్పేది. తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు మాట. నాచారంలో మా అద్దె వాటాకు గుమ్మం దగ్గర మాత్రమే ఎండ పడేది. మల్లాపూర్‌లో ఒక మందుల కంపెనీలో ఆమె ప్యాకింగ్ చేసేది. కంపెనీ కోటును సంచిలో మడిచి తీసుకెళ్లేది, వీధిలో తొడుక్కునేది కాదు. భూములన్నీ పోయినా మా ఇంటిపేరు బరువు తగ్గలేదు. ఆ పేరు ఇప్పటికీ నేను తలెత్తుకునే చెబుతాను.

ఒక ఉదయం పెదనాన్న వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"దొరింటి ఆడిబిడ్డవు, కూలికి పోతవా? రేపటి సంది బంద్ చెయ్యి. లేకుంటే నా గడప తొక్కకు. గీ ముండ్ల చెట్టు గూడ పారెయ్యి, అరిష్టం."

అత్త ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివింది. కుండీ తిప్పడం ఆపలేదు.

"గివి ఆకులు గావన్నా, కాండం. ఆకులు ముండ్లయినయి. గందుకే కాండమే ఆకు లెక్క సాపుగ, పచ్చగ అయ్యి, ఎండల తన బువ్వ తనే వండుకుంటది. ఎవరి గడప తొక్కింది?"

"అంటే ఏందే?"

"అంటే నాకు డ్యూటీ టైమైంది."

సంచిలోంచి కోటు తీసింది. ఆయన ముందే తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, వీధి మధ్యనుంచి నడిచి వెళ్లింది. ఆ కోటు మళ్లీ సంచి ఎక్కలేదు.