హైదరాబాద్ దాకా వచ్చిన సుగుణ

పొదలాడ కాలవగట్టు పేటలో కువైట్ వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. వెళ్ళి, సెలవు మీద ఒక్కసారైనా ఇంటికి రానిది మాత్రం సుగుణ ఒక్కతే.

బయల్దేరే నాటికి కూతురు శారోన్ ఇంకా పాలు పూర్తిగా మానలేదు. మొగుడు సూరిబాబు కొబ్బరికాయలు వలిచే పనికి పోయేవాడు. పిల్లని అత్తగారు మార్తమ్మ చేతిలో పెట్టి, రెండేళ్ళకి వచ్చేస్తానని చెప్పి విమానం ఎక్కింది. అక్కడ ఆమెకి అప్పగించిన పని ఒక ముసలావిడని చూసుకోవడం. ఆవిడ మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. లేపడం, కడగడం, నూనె రాయడం అన్నీ సుగుణే. ఇంకొకరి చెయ్యి ఒంటి మీద పడనిచ్చేది కాదావిడ. సుగుణ సెలవు మాట ఎత్తినప్పుడల్లా ముసలావిడ కొడుకు ఖాలిద్, అమ్మ ఒప్పుకోవడం లేదనేవాడు. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉండేది. అలా ఐదేళ్ళు గడిచాయి.

2004లో ఖాలిద్ తల్లికి మోకాళ్ళు మార్పించాలనుకున్నాడు. అక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో అయ్యే ఖర్చులో సగానికే హైదరాబాద్‌లో అయిపోతుందని వాళ్ళ చుట్టం ఒకాయన చేయించుకొచ్చి చెప్పాడు. భాష తెలిసిన మనిషి కావాలి గనక సుగుణనీ తీసుకెళ్తానన్నాడు. అమ్మ లేచి నాలుగడుగులు వేశాక రెండు రోజులు మీ ఊరు పోయి పిల్లని చూసుకుని రా, అని తనంతట తానే అన్నాడు. ఆ మాట విన్నప్పుడు సుగుణ ముసలావిడ పాదాలు తుడుస్తోంది. తుడిచిన పాదమే మళ్ళీ తుడిచింది.

హైదరాబాద్‌లో దిగాక ఊళ్ళో ఎస్టీడీ బూతుకి ఫోను చేసింది. ఏ ఆసుపత్రో చెప్పి, ఎవరూ రావద్దని, తనే వస్తానని సూరిబాబుకి గట్టిగా చెప్పింది. అతను సరేనన్నాడు. కానీ బూతులో ఉన్నవాళ్ళందరూ ఆ ఫోను విన్నారు. గల్ఫ్ నుంచి మనిషి దిగిందంటే వేను కట్టించుకుని పేటంతా హైదరాబాద్ పోవడం అక్కడి అలవాటు. పోకపోతే ఆ మనిషికి నా అన్నవాళ్ళు లేరన్నట్టే. పెళ్ళయిన కొత్తలో సుగుణ కూడా అలాంటి వేనుల్లో పోయి ఎవరెవరికో దండలు వేసి వచ్చింది. ఐదేళ్ళకి వచ్చిన మనిషి వద్దందని ఊరుకుంటామా అంటూ సూరిబాబు బావ బంగారరాజు వేను మాట్లాడేశాడు. సూరిబాబు కాదనలేకపోయాడు. అతనికీ వెళ్ళాలనే ఉంది.

ఆపరేషను అయింది గాని ముసలావిడని ఇంకా నిలబెట్టలేదు. ఒక పొద్దున పేటవాళ్ళు ఆసుపత్రి ముందు వేను దిగారు. లిఫ్టంటే భయపడి మెట్లెక్కి రావడంతో లిఫ్టు దగ్గర కాపలావాడి కంట పడలేదు. ఖాలిద్ టీ తాగడానికి కిందకి వెళ్ళిన సమయం అది. సుగుణ చేతుల్లో బెడ్‌పాను ఉంది. గుమ్మం నిండా మనుషులు, వాడిన చేమంతి దండ, అందరికన్నా ముందు ఎర్ర గౌనులో ఒక పిల్ల.

"అదిగోనే, మీ అమ్మ," అని మార్తమ్మ పిల్లని ముందుకి తోసింది.

శారోన్ కదల్లేదు. ఇంట్లో ఉన్న ఫొటోలో మనిషి ఇంతకన్నా లావుగా, నవ్వుతూ ఉంటుంది.

"షేకుల తిండి తిని కూడా ఎముకలే మిగిల్చేవేంటి చెల్లెమ్మా," అన్నాడు బంగారరాజు.

సుగుణ చేతుల వంక చూసుకుంది. "చేతులు కడుక్కొచ్చేస్తానుండమ్మా," అని పిల్లతో చెప్పి బాత్‌రూములోకి వెళ్ళింది. సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుంది.

ఆ కాస్తలో ఆడవాళ్ళు మంచం చుట్టూ చేరారు. ఈ తల్లి తొందరగా లేస్తేనే గదా మన పిల్ల ఇంటికి వచ్చేదని మార్తమ్మ కొంగు తల మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, కట్టుకట్టిన మోకాలి మీద చెయ్యి పెట్టి పైకి ప్రార్థన మొదలుపెట్టింది. మాట వేడెక్కిన కొద్దీ చెయ్యి బరువైంది. ముసలావిడ కేక మెట్ల దాకా వినిపించింది.

ఖాలిద్ పరిగెత్తుకొచ్చాడు. వెనకే కాపలావాడు. ఎవరు వీళ్ళు, నిన్ను తీసుకుపోవడానికి వచ్చారా, అని ఖాలిద్ సుగుణని అరబ్బీలో అడిగాడు. వీళ్ళు నీవాళ్ళయితే నువ్వు ఈ గది గడప దాటవు, ఇళ్ళకి పంపిన పనిమనుషులు ఎందరు తిరిగొచ్చారో నాకు తెలుసన్నాడు.

బాత్‌రూములోంచి వచ్చిన సుగుణ చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇప్పుడు అవునంటే రెండు రోజులూ పోయినట్టే. కాదంటే నాలుగు నాళ్ళలో తనే పొదలాడలో ఉంటుంది. ఇంటికెళ్ళాక అందరికీ చెప్పుకోవచ్చు. నావాళ్ళు కారు, కువైట్ మనిషి వచ్చాడని విని వీసాల కోసం వచ్చారు, అని అరబ్బీలో చెప్పింది.

ఖాలిద్ నమ్మలేదు. వీళ్ళ భాషలోనే అడగమని కాపలావాడికి సైగ చేసి, సుగుణ ముఖం చూస్తూ నిలబడ్డాడు.

"వీళ్ళు మీవోళ్ళేనా అమ్మా?" అన్నాడు కాపలావాడు.

"కాదండి," అంది సుగుణ. "ఎవరో తెలీదు. వీసాల కోసం వచ్చేరు."

బంగారరాజు ఏదో అనబోతే సూరిబాబు అతని చెయ్యి పట్టుకున్నాడు. సుగుణ ముఖం కేసి ఒకసారి చూశాడు.

"ఆయ్, వీసాల కోసమేనండి," అన్నాడు కాపలావాడితో.

అందర్నీ మెట్ల వైపు తోశారు. శారోన్ నానమ్మ కొంగు పట్టుకుని, "మరి మా అమ్మ ఏ గదిలో ఉందే?" అని అడిగింది. మార్తమ్మ పిల్ల నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి దింపుకుపోయింది.

వారం తిరక్కుండానే ముసలావిడ సుగుణ భుజం పట్టుకుని వరండా చివరిదాకా నడిచింది. ఆ సాయంత్రం సుగుణ రెండు రోజుల మాట గుర్తుచేసింది. ఖాలిద్ కోప్పడలేదు, జాలిగానే చెప్పాడు. ఇన్నాళ్ళుగా ఇక్కడున్నాం, నీవాళ్ళు ఒక్కరైనా నిన్ను చూడ్డానికి రాలేదు. అలాంటివాళ్ళ దగ్గరికి ఎందుకు పోతావు అన్నాడు. ముసలావిడ సుగుణ తల నిమిరి, నీకు నేను లేనా అంది. నిజం చెబితే అబద్ధమాడినట్టు తేలుతుంది. పాస్‌పోర్టు అతని జేబులోనే ఉంది. సుగుణ సామాను సర్దింది. కారు ఆసుపత్రి నుంచి తిన్నగా విమానాశ్రయానికి పోయింది.

తర్వాత ఫోనులో సూరిబాబుకి చెప్పుకుంది. తనకి అప్పుడే అర్థమైందన్నాడతను. పిల్లే ఫోను దగ్గరికి రానంటోందన్నాడు.

ముసలావిడ కొత్త మోకాళ్ళతో ఇంకో ఐదేళ్ళు బతికింది. ఆవిడ పోయాకే సుగుణని పంపారు. ఈసారి వేను కట్టేవాళ్ళు లేరు. వీసాలకి వచ్చేవాళ్ళం మాకెందుకని బంగారరాజు పేటలో అందరికీ వినపడేలా అన్నాడు. సూరిబాబు ఒక్కడే బస్సు దిగే తాటిపాక దాకా ఎదురొచ్చి ఆటోలో తీసుకొచ్చాడు.

ఇంటి అరుగు మీద కూర్చోగానే శారోన్ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. రెండు జడలు, హైస్కూలు యూనిఫాం.

"ఎన్నాళ్ళుంటారండీ?" అని అడిగింది.

"వచ్చేశానమ్మా. ఇంక వెళ్ళను."

"ఆయ్," అంది శారోన్. ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాచి నిలబడింది.