బదులు తెచ్చిన గంగాళం

మా ఇంట్లో మగ్గమున్న గదికి కిటికీ లేదు. నేసే మనిషి కాళ్లు దించి కూర్చునే మగ్గపు గుంట ఉన్న ఇళ్లల్లో అది వింతేం కాదు. పొడి గాలి తగిలితే పోగు తెగుతుంది, అందుకని తలుపు కూడా ఓరగా వేసి ఉంచేవాళ్లం. పోచంపల్లికి దగ్గర్లో ఉన్న మా పల్లెలో పట్టపగలు కూడా దీపం పెట్టుకునే నేసేవాళ్లు. గ్యాస్‌నూనె దీపం పొగ తెల్లనూలుకు పడితే మేము నేసే రుమాళ్ల మీద మసి చారలు తేలేవి. నేయించుకునే షావుకారుకు ఆ చారలు ఎంత చీకట్లోనైనా కనపడేవి.

అందుకే ఊరికి కరెంటు వచ్చిన ఏడే బాపు ఎట్లనో తిప్పలు పడి ఒక బుగ్గ, అదే కరెంటు బల్బు, పెట్టించాడు. దాని కింద ఒక్క ఏడాది నేశాడు. తర్వాత జ్వరమొచ్చి పోయాడు. మగ్గపు గుంటలోకి అమ్మ దిగింది. బాపును కన్న అవ్వ నూలుకు చిటికి కట్టేది, అంటే రంగు అంటకూడని చోటల్లా దారం బిగించేది. నాకు పన్నెండేళ్లు, కండెలు చుట్టేదాన్ని. ముగ్గురు ఆడవాళ్లం, ఒక బుగ్గ.

వరసగా మూడు కరెంటు బిల్లులు కట్టలేకపోయాం. ఇంకొకటి ఆగితే వైరు కోసేస్తానని లైన్‌మన్ చెప్పిపోయాడు. వైరు పోతే మగ్గం పోయినట్టే. అప్పుడే నేతగాళ్ల సంఘం గుమాస్తా ఒక కబురు తెచ్చాడు. మగదిక్కు లేని మగ్గపు ఇళ్లకు సర్కారే బిల్లు భరిస్తుందట, ముందుగా ఆఫీసరు వచ్చి ఇల్లు చూస్తాడట. మా ఇల్లూ, పక్కింటి పెద్దమ్మ ఇల్లూ రాసుకుని పోయాడు. ఆమెకూ మొగుడు లేడు, ఆమెదీ మా బతుకే.

అవ్వ చెవిలో మాత్రం ఒక్క మాటే పడింది, ఆఫీసరు ఇంటికి వస్తాడని.

"ఇల్లు గిట్లుంటదా? అలుకు, ముగ్గెయ్యి. సారుకు నీళ్లు దేంట్ల ఇస్తవు, గా సొట్టల గిలాసల ఇస్తవా?"

"అత్తా, మనం లేనోళ్లమా కాదా అని సూడనీకె వస్తుండు" అన్నది అమ్మ.

"లేనోళ్లమైతె? లేనోళ్లు ఇల్లు అలుక్కోవద్దా?"

నిజం చెప్పాలంటే అమ్మకు కూడా ఆ మాటే నచ్చింది. గడపకు పసుపు రాసింది. గోడకు సున్నం పూసింది. తర్వాత తనే పక్కింటికి పోయి పెద్దమ్మ దగ్గర ఇత్తడి గంగాళం, రెండు బిందెలు, చెంబు బదులు తెచ్చింది. చింతపండు పెట్టి తోమే పని నాది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారు. మా ఇంట్లో మీసాలున్నవాళ్లు కూడా లేరు, అయినా సామెత సరిపోయింది.

ఆఫీసరు మెత్తటి మనిషి. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు, అవ్వకు దండం పెట్టాడు. గంగాళం వంక చూశాడు, ముగ్గు వంక చూశాడు, చెంబెత్తి నీళ్లు తాగాడు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచాడు.

"పొద్దున ఏం తిన్నవు బిడ్డా?"

మేము తిన్నది జొన్నరవ్వ ఉడికించిన గటుక, పచ్చి మిరపకాయ. అన్నం పండగకు వండేవాళ్లం. కానీ ఇంట్లో మాట గడప దాటొద్దని అవ్వ నాకు నడకతో పాటే నేర్పింది.

"అన్నం, పప్పు" అన్నాను. ఆయన తల ఊపాడు. నాకు ఆ ఊపు చాల్లేదు. "నెయ్యి కూడా" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. "మంచి కుటుంబమమ్మా మీది. ఇల్లు అద్దం లెక్క పెట్టుకున్నరు" అని లేచి పక్కింటికి పోయాడు. "ఎంత మర్యాద మనిషే!" అని అవ్వ మురిసిపోయింది. నేను కూడా మురిసిపోయాను. అమ్మ మాత్రం నా ముఖం చూసింది.

నెల తిరక్కముందే గుమాస్తా మళ్లీ వచ్చాడు. సాయం పెద్దమ్మకు వచ్చింది, మాకు రాలేదు. "మీ ఇంట్ల గంగాళాలున్నయట, నెయ్యి తింటరట. సారు అన్నీ రాసిండు" అన్నాడు. అవ్వ ఆ పూట గటుక ముట్టలేదు.

పెద్దమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది. "నా సామానంత నీ ఇంట్లనే ఉండెగదనే చెల్లె! సారు నా ఇంట్లకొచ్చె సరికి నీళ్లియ్యనీకె చెంబు గూడ లేదు. దోసిట్ల పోసిన."

"పోనియ్యక్కా. ఒక్కింటికన్న వచ్చింది" అన్నది అమ్మ. పెద్దమ్మ తన ఇంట్లో వచ్చి నేసుకోమన్నది. గుంట మగ్గాన్ని చంకన పెట్టుకుని పోతామా?

నాకు కోపం రావాలి, లేదా సిగ్గన్నా రావాలి. కాలు తిమ్మిరెక్కితే గిచ్చి చూసుకుంటామే, అట్లా నన్ను నేను చాలాసార్లు గిచ్చి చూసుకున్నాను. ఏమీ తగల్లేదు.

లైన్‌మన్ వచ్చే రోజు తెలిసి అమ్మ ఆ పొద్దున కూడా వాకిలి ఊడ్చి చల్లి ముగ్గు వేసింది. అతనికి సొట్టల గిలాసలో నీళ్లిచ్చింది. అతను వైరు కోసి, బుగ్గ విప్పి అమ్మ చేతిలో పెట్టాడు. అది మేము కొనుక్కున్నదే. అమ్మ దాన్ని పాత గుడ్డలో చుట్టి ఉట్టి మీద పెట్టింది.

మళ్లీ దీపం, మళ్లీ మసి. షావుకారు రెండు మార్లు రుమాళ్లు తిప్పి పంపాడు. మూడోమారు నూలు ఇవ్వలేదు. మగ్గం విప్పి గుంట పూడ్చేశాం. ఆ జాగాను అమ్మ నేలతో సమానంగా అలికింది. కొత్త మన్ను కాబట్టి చాలా రోజులు అక్కడ కాలు కొంచెం దిగేది. నేను తప్పుకుని నడిచేదాన్ని, అవ్వ తప్పుకునేది కాదు.

కూలికి పోయిన మొదటి రోజు ఆముదపు చేనులో నా పక్కనున్న ఆమె ఊరికే పలకరించింది. "ఏం తినొచ్చినవే పిల్లా?"

"గటుక" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆమె దానికి ఏమీ రాసుకోలేదు, "మేం గూడ గదే" అని తన పనిలో పడింది.

అవతలి సాలులో ఉన్న అమ్మకు అది వినపడింది. చేతులు ఒక్క క్షణం ఆగాయి. తల ఎత్తకుండానే మళ్లీ కాయ తెంపసాగింది.