నాలుగు స్క్రూలు తక్కువ

2023లో దసరా వెళ్ళిన నాలుగో రోజు. గిద్దలూరులో నేను కంప్యూటర్ సర్వీసు దుకాణం పెట్టి అప్పటికి రెండేళ్ళు. మా పాపకు తొమ్మిది నెలలు. బీటెక్ చదివిన పిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోవడమేమిటని నవ్విన వాళ్ళలో సగం మంది ఆ రెండేళ్ళలో నా కస్టమర్లయ్యారు. మిగతా సగం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

పాపది నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఆ భయంతో నాకు ఒక అలవాటు పట్టుకుంది. ఏ కంప్యూటర్ కేబినెట్ విప్పినా తీసిన స్క్రూలు, లోపల ఉన్న స్క్రూలు అన్నీ లెక్కపెట్టి కాగితం మీద రాసుకునేదాన్ని. మూత బిగించేటప్పుడు లెక్క సరిపోకపోతే, మింగిందేమోనని ముందు పాప నోట్లో వేలు పెట్టి చూసేదాన్ని. ఆ రోజు నాకు దారి చూపింది ఆ భయమే.

ఆ ఉదయం బజారులోని ఒక ప్రింటింగ్ దుకాణం నుంచి పిలుపు వచ్చింది. పెళ్ళి కార్డులు, బడి ప్రశ్నపత్రాలు, సువార్త కూడికల కరపత్రాలు వేసే దుకాణం అది. యజమాని శెట్టిగారికి అరవై దాటాయి. ఊళ్ళో సగం దుకాణాలు ఆయన చుట్టాలవే. పాపను చంకనేసుకుని వెళ్ళేసరికి ఆయన గల్లా దగ్గర నిలబడి ఉన్నారు. కంప్యూటర్ ముందు కుర్చీలో ఆపరేటర్ మరియమ్మ ఏడ్చిన కళ్ళతో కూర్చుని ఉంది. రాచర్ల దగ్గర పల్లె నుంచి రోజూ ఆటోలో వచ్చి పోతుంది. వాళ్ళింట్లో కూలికి పోకుండా నీడపట్టున పని చేస్తున్నది ఆమె ఒక్కతే.

"ఏమ్మా, నువ్వేనా మెకానిక్కు? చంకలో పిల్లేంది?" అన్నారు శెట్టిగారు.

"పిల్ల పనికి అడ్డం రాదులే పెదనాయనా. ఏమైందో చెప్పండి."

"అయ్యేదేముంది! మా పాత మెకానిక్కు పండక్కి ఊరికి పోయినాడు. ఫోన్‌లోనే చెప్పినాడు. ఈమె షట్‌డౌన్ చేయకుండా స్విచ్ కట్టేసింటాది, డిస్కు చెడింటాది, ఫార్మాట్ కొట్టించమన్నాడు. నువ్వు ఆ పని చేసి, ఆపరేటర్ తప్పు వల్ల పోయినాదని ఒక కాయితం రాసియ్యి. రేపట్నుంచి ఇంకొకర్ని చూసుకుంటా."

"నేను సరిగ్గానే కట్టేసి పోయినా మేడమ్," అంది మరియమ్మ. "పండగ సెలవు అయినాక ఇయ్యాల వచ్చి స్విచ్ వేసినా. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చినాయి. అంతే."

ఆ తెల్ల అక్షరాలకు అర్థం ఒకటే. బూట్ చేయడానికి, అంటే కంప్యూటర్ మేలుకోవడానికి, తగిన డిస్క్ దొరకలేదు. స్విచ్ వేశాక కంప్యూటర్ ముందుగా ఒక డిస్క్‌లో ఉండే చిన్న బూట్ ఫైళ్ళను వెతుక్కుంటుంది. విండోస్ ఎక్కడుందో చెప్పేవి అవే. అవి లేకపోతే విండోస్ క్షేమంగా ఉన్నా తెర మీదికి రాదు. ఫార్మాట్ అంటే డిస్క్‌ను తుడిచేయడం. మరియమ్మ చేసిన పనంతా డెస్క్‌టాప్ మీదే, అంటే విండోస్ ఉన్న డిస్క్‌లోనే ఉంది. అది తుడిచేస్తే ఏళ్ళ తరబడి చేసిన డిజైన్లు పోతాయి. వాటితో పాటే ఆమె ఉద్యోగమూ పోతుంది.

"చూడకుండా ఫార్మాట్ చేయను," అన్నాను.

"పెద్ద మెకానిక్కు చెప్పినాక నువ్వు చూసేదేముంది?"

"ఆయన ఫోన్‌లో చూసినాడు. నేను కళ్ళతో చూస్తా."

ఆయన ముఖం మాడింది. ఆయన ఒక్క మాట అంటే బజారులో నాకు పని దొరకదు. పాపను మరియమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి ముందు బయోస్ తెరిచాను. విండోస్ కంటే ముందే పనిచేసే సెట్టింగుల తెర అది. ఎస్ఎస్‌డీ అనే చిన్న వేగమైన డిస్క్, ఒక టెరాబైట్ పెద్ద హార్డ్ డిస్క్, రెండూ కనిపించాయి. ఎస్ఎస్‌డీ తీసి నా లాప్‌టాప్‌కు తగిలించాను. విండోస్ ఉంది. మరియమ్మ ఫైళ్ళు ఒక్కటీ చెక్కుచెదరలేదు. బూట్ ఫైళ్ళు మాత్రం అందులో లేవు, పెద్ద డిస్క్‌లోనూ లేవు. చెడిపోయిన గుర్తులు కూడా లేవు. నిన్నమొన్నటిదాకా నడిచిన కంప్యూటర్‌కు బూట్ ఫైళ్ళు మొదటినుంచీ లేకుండా ఎట్లా ఉంటాయి?

అప్పుడు నా అలవాటు కొద్దీ స్క్రూలు లెక్కపెట్టాను. డిస్క్ ఒక్కింటికి నాలుగు స్క్రూలు. పెద్ద డిస్క్ నాలుగు స్క్రూలతో గట్టిగానే ఉంది. దాని కింద ఖాళీగా ఉన్న అరలో కూడా నాలుగు రంధ్రాలున్నాయి. ఎప్పుడూ వాడని రంధ్రం మీద రంగు అట్లాగే ఉంటుంది. వీటి చుట్టూ రంగు గీసుకుపోయి ఇనుము మెరుస్తోంది. పక్కనే ఒక కేబుల్ వేలాడుతోంది, దాని మూతిలో దుమ్ము లేదు. పోయింది స్క్రూలు మాత్రమే కాదు, వాటితో పాటు ఇంకేదో పోయింది.

"ఇందులో మూడో డిస్క్ ఉండేదా పెదనాయనా?"

"అదా? అది ఖాళీది. దాంతో నీకేం పని?"

"తెర మీద 'E' డ్రైవ్ అని కనపడేది," అంది మరియమ్మ. "ఎప్పుడు చూసినా ఖాళీనే."

"ఎవరు తీసినారు?"

శెట్టిగారు గల్లా మూసి ఇటు తిరిగారు. "నేనే తీసినా. ఆయుధపూజ నాడు బ్లోయరు పెట్టి దుమ్ము కొడతా తీసినా. టకటకమని కొట్టుకుంటా ఉండె. దుకాణం పెట్టినప్పుడు కొన్న మొదటి డిస్కు అది. పారేస్తామా? మా తాత మొదటి తూకం రాయి కూడా పూజగదిలోనే ఉంది."

"డిస్క్ కూడా పూజగదిలోనే ఉందా?"

"ఉంది. పసుపు కుంకుమ పెట్టినా."

దుకాణం వెనకే వాళ్ళ ఇల్లు. ఆయన పళ్ళెంతో సహా తెచ్చారు. తూకం రాయి పక్కన డిస్క్, నాలుగు స్క్రూలు, వాటి మీద బంతిపూల రెక్కలు. కనెక్టర్‌లో పడ్డ పసుపును మెత్తటి బ్రష్‌తో దులిపి, దాన్నీ ఎస్ఎస్‌డీనీ తగిలించి స్విచ్ వేశాను. విండోస్ వచ్చింది. మరియమ్మ పాప తల నిమిరింది.

జరిగింది ఇది. కొన్నేళ్ళ కిందట ఎస్ఎస్‌డీ వేసిన మెకానిక్కు పాత డిస్క్ కేబుల్ తీయకుండానే విండోస్ ఎక్కించాడు. అట్లా చేస్తే ఒక్కోసారి విండోస్ కొత్త డిస్క్‌లో చేరి, బూట్ ఫైళ్ళు పాతదాంట్లోనే ఉండిపోతాయి. అవి ఉండే చిన్న భాగం వాడేవాళ్ళకు కనపడదు. అందుకే అది ఖాళీ డిస్క్ లాగా ఉంది.

బూట్ ఫైళ్ళను ఎస్ఎస్‌డీ మీదే కొత్తగా రాశాను. పాత డిస్క్ తీసేసి, మూడుసార్లు ఆపి మళ్ళీ వేసి చూశాను. మూడుసార్లూ వచ్చింది. పాత డిస్క్‌ను పళ్ళెంలో పెట్టి, "ఇప్పుడు నిశ్చింతగా పూజ చేసుకోండి," అన్నాను. శెట్టిగారు మొదటిసారి నవ్వారు.

జాబ్ కార్డ్ తీసేసరికి ఆ నవ్వు పోయింది. మేం చేసిన పని రాసి ఇచ్చే కాగితం అది. అందులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది.

"పాతబడింది అని రాయమ్మా, చాలు," అన్నారాయన.

"ఇందాక మరియమ్మక్క పేరు రాయమన్నారు కదా పెదనాయనా. అప్పుడు పాతబడలేదా?"

"ఊరుకో మేడమ్," అంది మరియమ్మ గొంతు తగ్గించి. "పని అయినాది కదా."

నేను ఊరుకోలేదు. అక్షరాలు గుండ్రంగా రాశాను. 'బూట్ ఫైళ్ళు ఉన్న పాత డిస్క్‌ను యజమాని తీసివేశారు. ఆపరేటర్ తప్పు లేదు.' రాసింది గట్టిగా చదివి ఆయన ముందు పెట్టాను.

"నేను సంతకం పెట్టకపోతే?"

"కేబినెట్ మూత మీరే బిగించుకోండి. ఎన్ని స్క్రూలో నేను చెప్పను."

ఆయన విప్పి ఉన్న కేబినెట్‌ను చూశారు, మరియమ్మను చూశారు. చివరికి సంతకం పెట్టారు. మరియమ్మ పాపను నాకందించి, ఆ కాగితాన్ని తన ఫోన్‌లో ఫొటో తీసుకుంది.

శెట్టిగారు మళ్ళీ నన్ను పిలవలేదు. ఆయన చుట్టాల దుకాణాల్లో రెండు కూడా మానేశాయి. మానుకోనీ. మరియమ్మ ఇప్పటికీ అదే కుర్చీలో కూర్చుని పని చేస్తోంది.

ఒకటి కంటే ఎక్కువ డిస్క్‌లున్న కంప్యూటర్ బూట్ కాకపోతే, ఏం చెడింది అని నేను ముందుగా అడగను. ఏం తీశారు, ఏం పెట్టారు అని అడుగుతాను. విండోస్ ఎక్కించేటప్పుడు మిగతా డిస్క్‌ల కేబుళ్ళన్నీ తీసేస్తాను. కారణం గడిని మాత్రం ఎవరు చెప్పినా ఖాళీగా వదలను. వదిలితే అందులో ఎవరో ఒకరి పేరు పడుతుంది. అది ఎప్పుడూ ఎదురు చెప్పలేని వాళ్ళ పేరే.