నీలి పెన్సిలు గుర్తు

మోయగా మోయగా అలవాటవుతుందనుకున్నాను. కాలేదు. చూడబోతే అది బరువైన వస్తువు కూడా కాదు. అరచేతిలో ఇమిడిపోయే రేకు గొట్టం. రేడియోలో వేసే కండెన్సరు. ఒక మనిషి నమ్మి చెయ్యి చాస్తే దాన్ని అతని చేతిలో పెట్టాను. ఆ రోజు నుంచి అది నా చేతిలోనే ఉంది.

నా పేరు చెప్పను. చెబితే మీలో కొందరికి మా తాతగారు గుర్తుకు రావచ్చు. ఆయన్ని ఇందులోకి లాగటం నాకిష్టం లేదు. దివి తాలూకాలో ఒక ఊళ్లో మాకు ఒకప్పుడు భూమి ఉండేదని మాత్రం చెబుతాను. ఎంత అని అడక్కండి, పోయినదాన్ని ఎకరాల్లో చెప్పుకోవటం మా ఇంట్లో లేదు. దావాల్లో కొంత, మా నాన్నగారి దర్జాలో కొంత పోయింది. డెబ్బైల నాటికి నేను బెజవాడలో, గవర్నరుపేటలో, ఒక రేడియో సామాన్ల కొట్టులో గుమస్తాను. ఇస్త్రీ చొక్కా లేకుండా ఏ రోజూ కౌంటరు వెనక నిలబడలేదు. స్టూలు ఉన్నా కూర్చునేవాణ్ని కాదు. కూర్చుంటే గుమస్తాలా కనిపిస్తానని. నిలబడితే ఎలా కనిపిస్తాననుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

ఆ కొట్టుకు యేసురత్నం వస్తుండేవాడు.

అతని తండ్రి దానియేలు మా పొలంలో పెద్ద పాలేరు. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని, నాట్లు వేస్తుంటే గట్ల మీద తిప్పినవాడు. యేసురత్నం మిషన్ బళ్లో చదువుకుని బెజవాడలో సైన్సు మాస్టారయ్యాడు. గుణదలలో కొండ దిగువన చిన్న ఇల్లు, భార్య, కరుణ అని ఒక్కతే కూతురు. ముసలాయనకు కాళ్లు పడిపోయి, చెవులు మందగిస్తే ఊరి నుంచి తెచ్చి దగ్గర పెట్టుకున్నాడు.

మా ఇంట్లోనూ ఒక రేడియో ఉండేది. మా నాన్నగారు మద్రాసు నుంచి తెప్పించిన పెద్ద సీమ రేడియో. ఊళ్లో ఉన్నప్పుడు సాయంత్రం వార్తలకు మా అరుగు నిండిపోయేది. బెజవాడ అద్దె ఇంట్లోకి వచ్చాక దాని వాల్వు ఒకటి పోయింది. రోజంతా వాల్వులు అమ్మేవాణ్ని, ఒక్కటి ఇంటికి కొనుక్కోలేకపోయాను. దాని మీద లేసుగుడ్డ కప్పి ఉంచాం. ఎవరైనా వస్తే, ఈ రోజుల్లో వినదగ్గవి ఏం వస్తున్నాయి అనేవాణ్ని.

యేసురత్నం తన సెట్టు తనే కట్టుకున్నాడు. మూతపడిన టూరింగ్ టాకీసు నుంచి స్పీకరు తెచ్చాడు. ఆటోనగర్‌లో మోటార్లకు తీగ చుట్టే ఒకాయన చేత పాత ట్రాన్స్‌ఫార్మరుకు మళ్లీ తీగ చుట్టించాడు. పెట్టె టీపొడి వచ్చే చెక్కపెట్టెల పలకలతో కొట్టుకున్నాడు. నెలకో వస్తువు మార్చి దాన్ని కొంచెం కొంచెం పెంచుకుంటూ వచ్చేవాడు. కొట్టుకు వచ్చేటప్పుడు నోటుపుస్తకం కాగితం ఒకటి తెచ్చేవాడు. అందులో ఒకవైపు పాతవైనా పరవాలేనివి, రెండోవైపు కొత్తవే కావలసినవి. ప్రతి వస్తువునీ గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, తన మీటరుతో చూసుకుని గాని తీసుకునేవాడు కాదు. మా యజమానికి అతనంటే మహా గౌరవం. "మాస్టారికి కుర్చీ వెయ్యండి" అనేవాడు. ఎవరితో? నాతో. నేను వేసేవాణ్ని.

నాకు అసూయ అని అప్పుడు ఒప్పుకునేవాణ్ని కాను. అసూయ మనకంటే పైవాళ్ల మీద కదా పడేది, దానియేలు కొడుకు మీద నాకేమిటి అనుకునేవాణ్ని. కాని అతను వెళ్లిపోయాక ఆ కాగితం కళ్లముందు ఆడేది. అతని జీతం మీద కాదు, ఇంటి మీద కాదు, ఆ కాగితం మీదే నా కడుపుమంట. ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించుకోకూడదో అతనికి తెలుసు. మా వంశంలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. మాకు తెలిసిందల్లా ఉన్నవాటిలో మంచిది తెప్పించటం, అది ఆగిపోతే గుడ్డ కప్పటం.

ఒక బుధవారం వచ్చాడు. కౌంటరు దగ్గర ఇంకో ఇద్దరున్నారు.

"శనివారం సాయంత్రం పిల్లల ప్రోగ్రాములో మా కరుణ పాడుతోందండీ, అబ్బాయిగారూ" అన్నాడు. అతను నన్ను ఎప్పుడూ అబ్బాయిగారూ అనే పిలిచేవాడు, తండ్రి పిలిచినట్టే. "నాట్లపాట. నాన్న నేర్పిందే. మీ మాగాణిలో పాడిందే."

"రేడియోలోనా?"

"రేడియోలోనేనండీ. నాన్న నమ్మట్లేదు. మన పాట వాళ్లెందుకు పాడిస్తార్రా, నన్ను ఊరడించటానికి చెబుతున్నావు అంటాడు. చెవితో వింటేగాని నమ్మడంట. ఈ సెట్టు మోత ఆయనకు చాలట్లేదు. నిన్న పక్కన పెట్టి పెంచితే, దోమ దూరింది చూడరా అన్నాడు."

"దానియేలుకు బొత్తిగా వినపడదా?"

"అరిస్తే వినపడుద్దండీ. మా ఇంటిది అరిస్తే ఇంకా బాగా వినపడుద్ది."

యజమాని పకపకా నవ్వాడు. యేసురత్నం కాగితం తీసి కౌంటరు మీద పరిచాడు.

"పెద్ద వాల్వు సంపాదించాను. స్పీకరుంది. అన్నీ పాతవే సర్దానండీ. ఈ కండెన్సరొక్కటి మాత్రం కొత్తది ఇవ్వండి. ఇక్కడ కక్కుర్తి పడితే సెట్టు మొత్తం పోద్ది."

నేను తల ఊపాను. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. అతను మంచి మనసుతోనే ఇంకో మాట అన్నాడు.

"ఇంట్లో పెద్దయ్యగారి రేడియో పలకట్లేదంట గదండీ. ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి చూస్తాను. ఖర్చేం ఉండదు. వాల్వు నా దగ్గరుంది. పాతదే గానీ మంచిది."

ఆ ఇద్దరూ నావైపు చూశారు. యజమానీ చూశాడు.

"మా రేడియోకేం, బాగానే ఉంది" అన్నాను.

"అయితే సంతోషమండీ" అన్నాడు. తర్వాత జేబురుమాలు తీసి రెండు చేతుల మీదా పరిచి పట్టుకున్నాడు. "మీ చేత్తోనే ఇవ్వండి అబ్బాయిగారూ. నాన్న అడుగుతాడు."

ఇది మీకు కొంచెం చెప్పాలి. మా ఊళ్లో ఏరువాకనాడు తాతగారు గాదె దగ్గర నిలబడి ప్రతి పాలేరు తువ్వాల్లోనూ తొలి పిడికెడు విత్తనాలు తన చేత్తో పోసేవారు. వాళ్లు వాటివైపు చూడకూడదు. అక్కడికక్కడే ముడి వేసుకోవాలి. ఇచ్చినవాడి ముందు విప్పి చూస్తే, తాలు ఇచ్చావేమోనని అనుమానించినట్టు. తాతగారు ఏనాడూ తాలు పొయ్యలేదు. అప్పుల పాలైన ఏడు కూడా పొయ్యలేదు.

కింది అరలో రెండు పెట్టెలున్నాయి. ఒకదాంట్లో కొత్త కండెన్సర్లు. రెండోదాంట్లో ఏళ్ల తరబడి అమ్ముడుపోక మిగిలిపోయినవి. వాడకుండా పడి ఉంటే వాటి లోపలి మందు ఎండిపోతుంది. బిగిస్తే రెండు మూడు రోజులు బాగానే పనిచేసినట్టుంటుంది, తర్వాత వేడెక్కి పేలుతుంది, ట్రాన్స్‌ఫార్మరునీ కాల్చేస్తుంది. పొరపాటున ఎవరికీ ఇవ్వకుండా యజమాని ఒక్కోదాని అడుగున నీలి పెన్సిలుతో అడ్డంగా గుర్తు పెట్టాడు.

కొత్తదాని కోసమే వంగాను. అది నిజం. నిజమేనా? వంగినవాడికి రెండు పెట్టెలూ కనపడ్డాయి. ఏదీ ఆలోచించలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను, కాని ఆలోచించనివాడు బొటనవేలు తడి చేసుకుని నీలి గుర్తు ఎందుకు చెరుపుతాడు? కౌంటరు కిందే చెరిపాను. లేచి రుమాల్లో పెట్టాను. గోటితో మీటనిదే చిన్న స్క్రూ కూడా తీసుకోని మనిషి దానివైపు చూడనైనా చూడలేదు. ముడి వేసుకుని కళ్లకద్దుకున్నాడు. కొత్తదాని ధర ఇచ్చి వెళ్లాడు.

శుక్రవారం బడి నుంచి నేరుగా వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. మోత వీధి చివరిదాకా వినపడుతోందట. ముసలాయన ఉలిక్కిపడి, ఎవడ్రా ఇంట్లోకొచ్చి అరిచేది అన్నాడట. శనివారం నేను వచ్చి నా చేత్తో సెట్టు పెట్టాలని అడిగాడు.

ఆ కండెన్సరు మార్చు రత్నం, పొరపాటైంది. అయిదు మాటలు. నోటిదాకా వచ్చాయి. అంతలో గుణదలలో ఆ ఇల్లు, అందులో నాకోసం వేసే కుర్చీ, చుట్టూ అతని సెట్టు వినటానికి చేరిన జనం, అంతా కళ్లముందు మెదిలింది. ఆ జనం ఒకప్పుడు మా అరుగు మీద ఉండేవాళ్లు. శనివారం పనుంది అన్నాను.

పనేం లేదు. శనివారం సాయంత్రం కొట్టులోనే ఉండి, నమూనాకు పెట్టిన రేడియో తిప్పాను. ఆ పిల్ల పేరు చెప్పారు. పాడింది. సన్నని గొంతు, ఎక్కడా తొణకలేదు. ప్రతి చరణం నాకు తెలుసు. దానియేలు భుజం మీద కూర్చుని విన్నదే. పాట అయిపోయాక రేడియో కట్టేశాను.

గుణదలలో ఏం జరిగిందో సోమవారం తెలిసింది. పిల్ల పేరు చెబుతుండగానే సెట్టు ఠప్పుమందట, పొగ వచ్చిందట. పక్కింటివాళ్ల చిన్న ట్రాన్సిస్టరు తెచ్చి ముసలాయన చెవికి ఆనించారు. తల అడ్డంగా ఊపాడట. ఈలోపు పాట అయిపోయింది. "పాడిందా?" అన్నాడట. యేసురత్నం "పాడింది నాన్నా" అని అరిచి చెప్పాడు. ముసలాయన నవ్వి, "సర్లే" అన్నాడట.

అది చెప్పి రుమాలు విప్పాడు. పేలిన కండెన్సరు.

"ఏదీ, చూడనివ్వండి మాస్టారూ" అని యజమాని చెయ్యి చాచాడు. "మా సరుకైతే మార్చి ఇస్తాం."

యేసురత్నం గుప్పిట మూశాడు. మూసేలోపల నాకు కనపడింది. అడుగున రేకు మడతలో, నా వేలు చేరనిచోట, వెంట్రుకవాసి నీలం.

"మీ సరుకులో లోపం లేదండీ" అన్నాడు. "నేనే లెక్క తప్పాను." ఆ మాట యజమానితో చెబుతూ నావైపు చూశాడు. కోపం లేదు. ఏమీ లేదు. "వస్తానండీ, గుమస్తాగారూ" అన్నాడు.

ఆ తర్వాత ఆ కొట్టుకు రాలేదు. వీధిలో ఎదురుపడితే నమస్కారం పెట్టేవాడు. అబ్బాయిగారూ అని మళ్లీ అనలేదు. ఆ పిలుపు నాకు మిగిలిన ఆఖరి ఆస్తి అని అది పోయాక తెలిసింది. తెలిసినా నోరు విప్పలేదు.

దానియేలు ఆ ఏటి వానలు వెనకబట్టకముందే పోయాడు.

ఇంతవరకే అయితే ఒక తప్పు చేశానని చెప్పి ఊరుకునేవాణ్ని. రెండోది ఉంది. దాన్ని తలుచుకోవటం ఇంకా కష్టం. కొడుకు మాట నమ్మని ఆ ముసలాయన నా మాట నమ్మేవాడు. మా ఇంటి మాటను ఆయన ఏనాడూ విప్పి చూడలేదు. బస్సెక్కితే గుణదల ఎంత దూరం? ఆయన చెవి దగ్గర ఒక్క మాట అరిచి రావటానికి నాకు రెండు నెలల వ్యవధి ఉంది. వెళ్లలేదు. ఆ గుమ్మంలో తల వంచలేకపోయాను.

మీరు క్షమిస్తే ఉపయోగం లేదు. క్షమించవలసినవాళ్లలో ఒకరు లేరు, రెండోవారిని అడిగే మొహం నాకు లేదు. రాసినందువల్ల ఒకటే తేడా. గుడ్డ కప్పినచోట గుడ్డ తీశాను.

ఆ రోజు చెప్పవలసిన మాట ఇక్కడైనా చెబుతాను. పాడింది, దానియేలూ. రేడియోలోనే పాడింది. నేను విన్నాను.