కదిరిలో తీర్చిన మొక్కు

పోయిన వారం హిందూపురంలో రక్తపరీక్ష చేసే చోట నా వంతు కోసం కూర్చుని ఉంటే, పక్కన ఒక కాలేజీ అమ్మాయి వచ్చి కూర్చుంది. నా చేతిలోని చీటీ వైపు తొంగిచూసి, "మీకూ థైరాయిడేనా ఆంటీ? నాకు చూడండి, సగం జుట్టు పోయింది" అంటూ, అంతమంది ముందు తలకు చుట్టుకున్న చున్నీ తీసి పాపిడి దగ్గర పలచబడిన చోటు చూపించింది. ఎదురు బెంచీ మీది పెద్దమనిషి, "మా ఇంట్లో ఆమెకూ అదే ఉండాది పాపా, మాత్ర ఏసుకుంటే మల్లా వస్తాది, దిగులు పడద్దు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను మాత్రం వెన్ను ఇంకాస్త నిటారుగా చేసుకుని, నాకు తెలియకుండానే కొంగు తలమీదికి లాక్కున్నాను. అరవై దాటాయి, ఉద్యోగం ముగించి పింఛను తీసుకుంటున్నాను, అయినా ఆ భయం చేతుల్లో నుంచి ఇంకా పోలేదు.

మాది గోరంట్ల వైపు ఊరు. ఊళ్లో ఇప్పటికీ మమ్మల్ని పెద్దింటివాళ్లు అనే అంటారు కానీ, నేను పుట్టేనాటికే ఆ మాట తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. చెరువు కింది మాగాణి తాతల కాలంలోనే పోయింది, మిగిలిన మెట్టలో వేరుశనగ వేస్తే వాన వచ్చిన ఏడు గింజ, రాని ఏడు పశువులకు వేసే కట్టె. ఏనుగులు కట్టేవాళ్లని చెప్పే రాతిగుంజకు మేము మేకను కట్టేవాళ్లం. అయినా మా నాయన మీసం దువ్వుకోకుండా వీధి గుమ్మం దాటేవాడు కాదు. ఆడవాళ్లకు అలాంటి గౌరవం జడలో ఉండేది. మా ఇంటి ఆడవాళ్ల జడలంటే చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకునేవాళ్లు. రాలిన వెంట్రుక ఒక్కటి కూడా ప్రహరీ దాటకూడదని మా అవ్వ, నాయన తల్లి, పెట్టిన నియమం. వెంట్రుకలకు బదులు సూదులూ పిన్నీసులూ ఇచ్చే ఆడమనిషి మా వీధిలో కేక వేస్తే చాలు, అవ్వ తలుపు మూయించేది. దువ్వెనలో వచ్చినదాన్ని వేలికి చుట్టి, పెరటిగోడ రాళ్ల సందుల్లో దోపేవాళ్లం.

నేను టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ సందులు చాలకుండా పోయాయి. మొదట ఎవరికీ చెప్పలేదు. పొద్దున లేస్తే దిండు మీద వెంట్రుకలు, నీళ్లు పోసుకుంటే బండ మీద వెంట్రుకలు, కంచంలో అన్నం కలుపుకుంటే వేళ్లకు చుట్టుకునే వెంట్రుకలు. కనుబొమలు చివర్ల నుంచి చెరిగిపోతూ వచ్చాయి. ముఖం ఉబ్బింది. పిల్లల పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోయేవి. ఇవన్నీ ఒక ఎత్తు, చలి ఒక ఎత్తు. చైత్రమాసం, బండరాయి మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండ, ఊరంతా చెట్ల నీడన విసనకర్రలతో ఉంటే నేను బడిలో శాలువా కప్పుకుని వణికేదాన్ని.

ఒకరోజు హాజరు పిలుస్తూ నా గొంతు నేనే విని ఆగిపోయాను. బొంగురుగా, మగగొంతులా, ఎక్కడో గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంది. ఆ గొంతును నేను అంతకుముందు విని ఉన్నాను. అది మా మేనత్త గొంతు.

ఆమె మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్లి చేసి పంపిన కొన్నేళ్లకు అత్తగారింటివాళ్లే బండిలో తెచ్చి దింపిపోయారట, గాలి సోకిందని చెప్పి. నాకు ఊహ తెలిసేసరికి ఆమె ధాన్యం గది వెనకనున్న చీకటిగదిలో ఉండేది. ఎండాకాలంలోనూ కంబళి కప్పుకుని, ఉబ్బిన ముఖంతో, అక్కడక్కడా నాలుగు వెంట్రుకలున్న తలతో గోడకానుకుని కూర్చునేది. నేను అటు పోతే ఆ బొంగురు గొంతుతో మెల్లగా "పాపా" అని పిలిచేది. నేను పరుగెత్తి వచ్చేసేదాన్ని. అన్నం పెట్టేదీ, నీళ్లు పోసేదీ మా అమ్మ ఒక్కతే. ఆ గదిలోనే ఆమె పోయింది. తర్వాత ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. గోడమీది ఫొటోల్లో ఆమె లేదు. భాద్రపదంలో పెద్దల పండగకు చనిపోయిన అందరి పేరునా కొత్తబట్టలు పెట్టేవాళ్లు, ఆమె పేరున పెట్టేవాళ్లు కాదు.

నాకు అదే పట్టిందని తెలిసిపోయింది. అద్దం చూడడం మానేశాను. ఆ గది ముందు నుంచి పోవలసి వస్తే కళ్లు నేలకు దించుకుని పోయేదాన్ని. మతి తప్పడం ఎలా మొదలవుతుందో, మొదలైతే నాకు తెలుస్తుందో లేదో అని, పాఠం చెబుతూనే నన్ను నేను కాపలా కాసుకునేదాన్ని. చావంటే అంత భయం ఉండేది కాదు. ఆ గదిలో బతకడమంటే భయం.

నా తల అవ్వ కంటపడిన రోజున ఇంట్లో పొయ్యి వెలగలేదు. నాయన చాలాసేపు వసారాలో అటూ ఇటూ నడిచి, చివరికి కదిరి నరసింహస్వామికి నా తలనీలాలు ఇస్తామని మొక్కు చెప్పాడు. పెద్దింటి పిల్లకు జుట్టు రాలిందని ఊరు అనుకోవడం కంటే దేవుడికిచ్చిందని అనుకోవడం మేలని ఆయన లెక్క. మా ఇంటి మొక్కు అంటే తప్పెట కొట్టించి వీధివీధికీ చెప్పాలి, అలా చెప్పాక వెనక్కి తీసుకోవడం ఉండదు. తప్పెట మోగింది. ఊళ్లో ఆడవాళ్లు వచ్చి ఎంత భక్తి అని నా కాళ్లకు పసుపు రాసి పోయారు. వాళ్లు వెళ్లాక అవ్వ, నన్ను ఓదారుస్తున్నాననుకుంటూ, మేనత్తకు కూడా మొదట కదిరిలోనే తీయించామనీ, ఆమె పాపమో ఏమో మళ్లీ మొలవలేదనీ, ఆ తర్వాతే గదిలో పెట్టవలసి వచ్చిందనీ చెప్పింది. అప్పటిదాకా నాకు ఆ సంగతి తెలియదు. నన్ను ఏ దారిన తీసుకుపోతున్నారో ఆ మాటతో అర్థమైంది.

కదిరిలో బస్సు దిగాం. నాయన చేతిలో పసుపుగుడ్డ సంచీ, నా తలమీద ముసుగు. ఆయన గుడి వైపు నాలుగడుగులు వేశాక, మా అమ్మ నా చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నలుగురిలో ఆయనకు ఎదురు మాట్లాడి ఎరగని మనిషి.

"మీరు గుడికి పోండి. నేను పాపను ఈ ఊరి డాక్టరమ్మ కాడికి పిల్చుకపోతా."

"తప్పెట కొట్టించినాం. నలుగురిలో నా తల తీస్తావా?"

"మీ తల ఉంటే ఉండనీ, పోతే పోనీ. ఒక ఆడబిడ్డను ఆ గదిలో పెట్టి సాగనంపితిమి. ఆయమ్మకు అన్నం పెట్టిన చేతులు ఇవి. నా బిడ్డకు ఆడ అన్నం పెట్టను."

బస్టాండులో జనం తిరిగి చూశారు. నాయన మీసం మీదికి చెయ్యి పోయి, మళ్లీ దిగింది. మేము నడుస్తుంటే వెనక ఎడంగా వచ్చాడు. డాక్టరమ్మ గదిలోకి మాత్రం రాకుండా, వాకిట్లో ఎండలో నిలుచున్నాడు.

డాక్టరమ్మ నా గొంతు తడిమి, గుటక వేయమంది. కనురెప్పలు చూసింది, మోకాలి కింద తట్టింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది, చలి, వాపు, గొంతు, జుట్టు, నిద్ర. చెబుతూ చెబుతూ ఆమె ఎవరో చెప్పవలసిన చోట ఆగిపోయింది. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి మాట వినిపించింది.

"నా చెల్లెలమ్మా."

ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

రక్తం బెంగళూరికి పంపారు. గొంతులో ఉండే చిన్న గ్రంథి పని మందగించిందనీ, గాలీ కాదు పాపమూ కాదు, రోజూ పరగడుపున ఒక మాత్ర చాలనీ తర్వాత తేలింది. ఆ రోజు మాత్రం డాక్టరమ్మ, గుండు చేయిస్తే జబ్బు పోదు, చేయించకపోతే దేవుడికి కోపం రాదు అని నవ్వి పంపింది. బయటికి వచ్చాక నాయన మమ్మల్ని ఒక హోటల్లో కూర్చోబెట్టి వెళ్లాడు. తిరిగి వచ్చిన మనిషిని మొదట నేను గుర్తుపట్టలేదు. తల మీద గంధం, మీసం ఉండే చోట తెల్లటి చర్మం.

ఊళ్లో బస్సు దిగగానే అరుగు మీద కూర్చున్న రైతు ఒకాయన ఊరుకోలేదు. "ఏమప్పా, బిడ్డకని తప్పెట కొట్టించి, నువ్వు గుండు కొట్టించుకోనొస్తివే? మీసం గూడ మొక్కినావా ఏమి?" నాయన ఆగి, "మొక్కు ఇంటిది. ఇంట్లో ఎవురిదైతే ఏమి?" అని, వెన్ను వంచకుండా నడిచిపోయాడు.

మాత్ర వేసుకోవడం మొదలయ్యాక కూడా చాన్నాళ్లు నాకు నమ్మకం కుదరలేదు. ఒక మధ్యాహ్నం బడిలో నల్లబల్ల మీద రాస్తుంటే నుదుటి నుంచి ఏదో జారి కంట్లో పడి మండింది. చెమట. ఆ ఎండలో, పిల్లలు చూస్తుండగా, సుద్దముక్క పట్టుకుని ఏడ్చాను. జుట్టు తర్వాత వచ్చింది, మునుపటంత రాలేదు.

ఆ ఏడు పెద్దల పండగకు నాయన ధర్మవరం పోయి ఒక పట్టుచీర తెచ్చాడు. మా స్థితికి అది ఎక్కువే. ఎవరి పేరున అని అవ్వ అడిగితే, ఆమె ముఖం చూడకుండా మేనత్త పేరు చెప్పాడు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ పట్టింపులూ లేవు. నాకిచ్చే మాత్ర ఇవాళ మండలం మందుల కొట్లో చేయి చాపితే దొరుకుతుంది, ఈ జబ్బుకు ఎవరూ ఎవరినీ దాచరు. మంచి కాలమే వచ్చింది. కానీ డాక్టరమ్మ ఒకసారి మాటల మధ్య చెప్పిన సంగతి నన్ను వదలదు. మేనత్త ఆ గదిలో ఉన్న కాలంలోనూ ఆ మందు ఉండేదట, బెంగళూరులో దొరికేదట. కొట్టులో ఆమెకు కావలసిన సీసా ఉంది, మా ఊరి నుంచి అటు పోయే బస్సూ ఉంది. ఆమెను ఎక్కించడానికి వీధి గుమ్మం దాటించవలసి ఉండేది, అంతే.